ఎవరన్నారు? ఎప్పుడన్నారు? ఎక్కడన్నారు?

(ఉదయగిరిలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన అంశం “మంచి మాటలు, మంచి పాటలు, ప్రపంచ వింతలు”. ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి గట్టిగా మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు. వారి మధ్యలో కాస్త కాలక్షేపంగా ఉంటుందని నన్ను నిలబెట్టినట్టున్నారు. నేను పండితుణ్ణి కాను. సంగీతం నేర్చుకున్నవాణ్ణి అంతకన్నా కాను. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, 1985లో మండలాలు వచ్చాక మండల ఆఫీసుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. డెబ్భై దాటి కొన్నేళ్లయింది.

అయితే నాకు ఉద్యోగంలో చేరిన రోజుల నుండి ఒక అలవాటుంది. పేపర్లో చదివినా, రేడియోలో విన్నా, మనసుకు పట్టిన మాటను ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాను. రాసి పక్కన మూడు గడులు గీస్తాను. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎక్కడన్నారు. ఇది నాకు పని నేర్పిన హెడ్‌గుమాస్తాగారి పాఠం. “రిఫరెన్సు లేని కాగితం నా బల్ల మీదికి తేవద్దబ్బయ్యా” అనేవారు. కాగితం వస్తే ఏ ఆఫీసు నుండి వచ్చింది, ఏ తేదీన వచ్చింది, నెంబరెంత అని చూసిన తరువాతే లోపలి విషయం చదివేవారు. ఆ పాఠం ఫైళ్లకే కాదు, మాటలకు, పాటలకు, వార్తలకు కూడా పనికి వస్తుందని ఇన్నేళ్లకు నాకు అర్థమైంది. ఈ రోజు మీతో చెప్పదలచుకున్నది ఆ ఒక్క సంగతే.

మంచి మాటలు

ముందు మన మాటతోనే మొదలుపెడతాను. “పెన్షన్ బిచ్చం కాదు, హక్కు.” ఈ మాట లేకుండా మన సంఘం కరపత్రం ఒక్కటైనా అచ్చయిందా? ఎవరన్నారని అడిగితే నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని అందరం అంటాము. సరే, నిజమే. 1982 డిసెంబరు 17న ఆ తీర్పు వచ్చింది కనుకనే ఈ తేదీన మనం పండుగ చేసుకుంటున్నాము. 1979 మార్చి 31 దగ్గర ఒక గీత గీసి, దానికి ముందు రిటైరైనవారికి కొత్త లెక్క వర్తించదన్న నిబంధన చెల్లదని ఆ తీర్పు చెప్పింది. పాత పెన్షనరూ కొత్త పెన్షనరూ ఒకే తరగతివారని నిలబెట్టింది.

కాని నకారా తీర్పును తీరికగా చదివితే అందులోనే ఒక పాత రిఫరెన్సు కనిపిస్తుంది. 1971లో దేవకీనందన్ ప్రసాద్ అనే ఆయన బీహారు రాష్ట్రం మీద వేసిన కేసు. ఆయన అక్కడి విద్యాశాఖ ఉద్యోగి. తనకు రావలసిన పెన్షన్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. పెన్షన్ ప్రభువుల దయ మీద ఆధారపడినది కాదు, ఉద్యోగి హక్కు అని ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ కేసులోనే తేల్చింది. పదకొండేళ్ల తరువాత నకారా తీర్పు దాన్ని ఆధారంగా చేసుకుంది. చూశారా, మాట మన అందరి నోట ఉంది. ఆయన పేరు మాత్రం మన నోట లేదు.

ఇంకొక ఉదాహరణ చెపుతాను. ఇది మన ఖజానా ఆఫీసు వారికి మరీ ముఖ్యం. బడిలో పొద్దున్నే పిల్లలు చేయి చాచి ప్రతిజ్ఞ చెపుతారు. దేశమంతా ఏ భాషలోనైనా అదే ప్రతిజ్ఞ. ఇక్కడ కూర్చున్న పిల్లలూ, మీకందరికీ అది నోటికి వచ్చు. రాసిందెవరు? గాంధీగారని ఒకరు, నెహ్రూగారని ఇంకొకరు అంటుంటారు. రాసింది మన తెలుగాయన. పేరు పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. స్వస్థలం నల్లగొండ జిల్లా అన్నేపర్తి. 1962లో ఆయన విశాఖపట్నం జిల్లా ఖజానా అధికారి. అవును, మన బిల్లులు పాసు చేసే ట్రెజరీ ఆఫీసరే! చైనా యుద్ధం రోజుల్లో, పిల్లల్లో దేశభక్తి పెంచే మాటలు కొన్ని ఉండాలని తెలుగులో రాసి, తెన్నేటి విశ్వనాథంగారికి చూపించారు. ఆయన దాన్ని అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజుగారికి అందజేశారు. 1964లో బెంగుళూరులో ఎం.సి. చాగ్లాగారి అధ్యక్షతన జరిగిన కేంద్ర విద్యా సలహా సంఘం సమావేశంలో దేశమంతటా చెప్పించాలని నిర్ణయమైంది. 1965 జనవరి 26 నుండి అమలులోకి వచ్చింది.

సుబ్బారావుగారు 1988లో కాలం చేశారు. చాలాకాలం పాఠ్యపుస్తకం మొదటి పేజీలో ప్రతిజ్ఞ ఉండేది గాని, రాసినవారి పేరు ఉండేది కాదు. కోట్లమంది పిల్లలు రోజూ ఆయన మాటలు వల్లిస్తూనే ఉన్నారు, ఆయనెవరో తెలియకుండానే. తరువాత తరువాత పట్టుబట్టినవారు పట్టుబడితే తెలుగు పుస్తకాల్లో పేరు చేర్చారు. ఒక సర్కారు ఉద్యోగి, ఆఫీసు పని చూసుకుంటూ రాసిన నాలుగు మాటలు దేశమంతా చెప్పుకుంటుంటే, మొదటి గడి ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయింది. ఇది మనవంటివారికి పట్టవలసిన సంగతి కాదా?

దీనికి ఎదురు రోగం ఒకటుంది. పేరు లేకపోవడం ఒక లోపమైతే, లేని పేరు తగిలించడం ఇంకొక లోపం. ఇప్పుడు తెల్లవారితే చాలు, సెల్‌ఫోనులో శుభోదయంతో పాటు ఒక సూక్తి వస్తుంది. కింద గాంధీగారి బొమ్మో, వివేకానందుడి బొమ్మో, అబ్దుల్ కలాంగారి బొమ్మో ఉంటుంది. బొమ్మ ఉంటే సంతకం ఉన్నట్టే అని మనం నమ్మేస్తాము. లోకం మారాలంటే ముందు నువ్వు మారు అనే అర్థంలో గాంధీగారి పేరుతో ఒక చిన్న వాక్యం ప్రపంచమంతా తిరుగుతోంది. గాంధీగారి రచనలన్నీ నూరు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆ పొట్టి వాక్యం ఆ రూపంలో వాటిలో లేదని వెదికినవారు చెప్పారు. దానికి దగ్గరగా ఉండే పెద్ద పేరా ఒకటి 1913లో రాశారు. ఎవరో దాన్ని కురచ చేసి, అంచు కుట్టి, ఆయన పేరు పెట్టి వదిలారు.

ఇది మన దేశపు జబ్బే అనుకోవద్దు. ఎదుటివాడి అభిప్రాయం నచ్చకపోయినా అది చెప్పే అతని హక్కును కాపాడాలనే మాట ఫ్రెంచి మేధావి వోల్టేరుదని పెద్ద పెద్ద సభల్లో చెపుతారు. అది వోల్టేరు రాసింది కాదు. ఆయన చనిపోయి నూరేళ్లు దాటాక, 1906లో, ఎవిలిన్ బియాట్రిస్ హాల్ అనే ఇంగ్లండు రచయిత్రి ఆయన స్వభావాన్ని వర్ణిస్తూ తన పుస్తకంలో రాసిన వాక్యం. ఆడమనిషి రాసింది, మగవాడి పేరున చెల్లుతోంది. రొట్టె లేకపోతే కేకు తినమని ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్ అన్నదనే కథ కూడా అటువంటిదే. అటువంటి మాటను ఒక గొప్పింటి రాకుమారి అన్నదని రూసో రాసుకున్నాడు. ఆయన ఆ భాగం రాసేనాటికి మేరీ ఆంటోనెట్ ఇంకా ఆస్ట్రియాలో చిన్నపిల్ల. పాపం, అనని మాట ఏళ్ల తరబడి ఆమె ఖాతాలో జమ అవుతూనే ఉంది.

“పేరు ఎవరిదైతేనేం, మాట మంచిదే కదా” అంటారు కొందరు. మంచి మాటకు దొంగ సంతకం ఎందుకు? అలవాటైతే రేపు చెడ్డ మాటకు కూడా గాంధీగారి సంతకం పెడతారు. సంతకం ఫోర్జరీ అయితే కాగితంలో విషయం బాగుందని బిల్లు పాసు చేస్తామా?

మన పక్క జిల్లా కడపలో దీనికి మంచి ఆదర్శం ఉంది. సి.పి. బ్రౌను దొర. ఆయనా మనవలె సర్కారు ఉద్యోగే. 1820లో కడపకు వచ్చారు. కచేరీ పని కచేరీ పనే. అది కాగానే పండితులను జీతమిచ్చి పెట్టుకుని, ఊరూరి నుండి తాళపత్రాలు తెప్పించి, ఒక ప్రతిని ఇంకొక ప్రతితో సరిచూసి, వేమన పద్యాలను పోగు చేసి 1829లో అచ్చు వేయించారు. ఒక ప్రతిలో ఉన్నదాన్ని ఉన్నట్టు నమ్మలేదు. నాలుగు ప్రతులు పక్కపక్కన పెట్టి చూశారు. ఉద్యోగం నుండి దిగిపోయి ఇంగ్లండుకు వెళ్లాక కూడా తెలుగును వదలలేదు. లండనులో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. రిటైరైనవాడు ఏం చేయగలడని ఎవరైనా అడిగితే నేను ఆయన పేరు చెపుతాను.

పాటలు

ఇక పాటల సంగతి. అన్నిటికన్న ముందు మన జాతీయగీతం. “ప్రపంచంలోని జాతీయగీతాలన్నిటిలో మనదే ఉత్తమమని యునెస్కో ప్రకటించింది” అని 2008 ప్రాంతంలో ఒక వార్త పుట్టింది. అప్పట్లో ఈమెయిళ్లలో తిరిగింది. ఆ తరువాత సెల్‌ఫోనుల్లోకి వచ్చింది. ఏటా ఆగస్టు రాగానే వానకు పుట్టగొడుగు లేచినట్టు లేస్తుంది. అటువంటి ప్రకటన ఏదీ తాము చేయలేదని యునెస్కో వారే చెప్పారు. అయినా ఆగలేదు.

విచిత్రం ఏమిటంటే, మన జాతీయగీతం గురించి అచ్చమైన నిజమైన గొప్ప వార్త ఒకటి మన రాయలసీమలోనే ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు మదనపల్లెకు వచ్చారు. అక్కడి బిసెంటు థియోసాఫికల్ కాలేజీకి ఐర్లండు దేశస్థుడైన జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాలు. ఠాగూరు అక్కడ ఉన్న రోజుల్లోనే ఆ గీతాన్ని స్వయంగా ఇంగ్లీషులోకి అనువదించి, తన చేతివ్రాతతో ప్రతి రాసి, ఫిబ్రవరి 28 తేదీ వేశారు. కజిన్స్ భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతం బాగా చదువుకున్నావిడ. ఆమె దానికి స్వరాలు కట్టి, విద్యార్థుల చేత పాడించారు. బెంగాలీ కవి, ఐరిష్ సంగీతజ్ఞురాలు, చిత్తూరు సీమలోని పిల్లలు! ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, మూడు గడులూ నిండిన వార్త ఇది. దీన్ని వదిలి, ఆధారం లేని యునెస్కో బిరుదును మోయడం ఎందుకు? మన పెరట్లో బావి పెట్టుకుని ఎండమావి దగ్గరికి బిందె తీసుకుని పోయినట్టుంది.

ఇంకొక పాట. మన ఇళ్లలో మనుమడి పుట్టినరోజు వస్తే కేకు కోస్తూ ఇంగ్లీషులో ఒక పాట పాడతారు. అర్థం తెలిసినా తెలియకపోయినా మనమూ చప్పట్లు కొడతాము. ఆ బాణీ అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఇద్దరు అక్కచెల్లెళ్లు, హిల్ అనే ఇంటిపేరు వారు, 1893లో చిన్నపిల్లల బడి కోసం కట్టిన పాటది. పుట్టినరోజు మాటలు తరువాత వచ్చి చేరాయి. ఒక సంగీత వ్యాపార సంస్థ ఆ పాట మా ఆస్తి అని చెప్పి, సినిమాల్లో పాడుకున్నవారి దగ్గర దశాబ్దాలపాటు డబ్బు వసూలు చేసింది. చివరికి కొందరు కోర్టుకు వెళ్లారు. కేసు నడుస్తుండగా 1922 నాటి ఒక పాత పాటల పుస్తకం బయటపడింది. అందులో ఆ పాట అచ్చయి ఉంది, హక్కుల ముద్ర లేకుండా. 2015లో జడ్జి ఆ సంస్థకు పాట మాటల మీద హక్కు లేదని తీర్పు చెప్పారు. మరుసటి సంవత్సరం కోటీ నలభై లక్షల డాలర్లు చెల్లించడానికి రాజీ కుదిరింది. పాట అందరిదీ అయింది. పాత కాగితం విలువ ఎంతో చూడండి. మన ఇళ్లలో ఆడవాళ్లు “ఈ చెత్తంతా ఎందుకు, కేజీల లెక్కన అమ్మేద్దాం” అన్నప్పుడు ఈ కథ చెప్పండి.

వింత వార్తలు

ఇప్పుడు వింతలు. నా వయసు వారికి 1979 జులై గుర్తుండే ఉంటుంది. ఆకాశం నుండి స్కైలాబ్ పడుతుందన్నారు. అమెరికావారు అంతరిక్షంలో నిలిపిన 77 టన్నుల ప్రయోగశాల అది. అదుపు తప్పి కిందికి వస్తోంది, ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు అన్నారు. పల్లెల్లో ఎంత భయం! రేపో మాపో పోయేవాళ్లం, దాచుకుని ఏం చేస్తామని కోళ్లు కోసుకు తిన్నవారున్నారు. మేకలు, గొర్రెలు అగ్గువకు అమ్ముకున్నవారున్నారు. అటువంటివారి దగ్గర కొని లాభపడ్డవారూ ఉన్నారు. మా ఆఫీసుకు వచ్చిన ఒక రైతు, “శిస్తు కట్టమంటారా సామీ, ఆ పడేదేందో పడినాక కట్టమంటారా?” అని అడిగాడు. “పడకపోతే అపరాధ వడ్డీతో కట్టాల్సొస్తాది పెద్దాయనా” అని మా సెక్షన్‌లో ఒకరు బదులు చెప్పారు. ఆయన నవ్వి కట్టేసి పోయాడు.

జులై 11 రాత్రి ఆస్ట్రేలియా పడమటి భాగంలో, ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల ముక్కలు ముక్కలుగా పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ముక్క తెచ్చి ఇచ్చినవారికి పదివేల డాలర్లిస్తామని అమెరికాలో ఒక పత్రిక ప్రకటిస్తే, పదిహేడేళ్ల ఎస్పరెన్స్ కుర్రవాడు విమానమెక్కిపోయి ఆ బహుమతి పుచ్చుకున్నాడు. ఆ ఊరి స్థానిక సంస్థ ఏం చేసిందో తెలుసా? మా ఊళ్లో చెత్త వేశారని చెప్పి అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు 400 డాలర్లు జరిమానా రాసింది. తమాషాకే లెండి. నాసా కట్టలేదు. ముప్పై ఏళ్లు అట్లాగే ఉండి, 2009లో కాలిఫోర్నియాలో ఒక రేడియో వ్యాఖ్యాత తన శ్రోతల దగ్గర చందాలు వసూలు చేసి కట్టాడు. మన ఆడిట్ అభ్యంతరాలు ఇరవై ఏళ్లు పెండింగులో ఉన్నాయని బాధపడతాము. నాసా వాళ్లది ముప్పై ఏళ్లు!

ఆ రోజుల్లో మేకను అమ్ముకున్న పేదవాడు నష్టపోయింది స్కైలాబ్ వల్ల కాదు, పుకారు వల్ల. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఇప్పుడు పుకారు రచ్చబండ మీద కూర్చోదు. నేరుగా మన జేబులో ఫోనుకు వస్తుంది. మా వీధిలో ఉండే ఒక రిటైరైన అటెండరుకు పోయిన ఏడాది ఫోను వచ్చింది. మీ సజీవ ధ్రువపత్రం అందలేదు, పెన్షన్ ఆగిపోతుంది, ఫోనుకు ఒక నెంబరు వస్తుంది, అది చెప్పండి అన్నారు. ఆయన కంగారుపడి కళ్లజోడు వెదుక్కుంటుంటే, భార్య వంటింట్లో నుండి, “ఆయనెవరో, ఏ ఆఫీసో, కాగితం నెంబరెంతో అడిగినావా ముందు?” అని కేకేసింది. ఈయన అదే ప్రశ్న అడిగాడు. ఫోను కట్ అయింది. ఆ తల్లి ఏ ఆఫీసులోనూ పని చేయలేదు. కాని మా హెడ్‌గుమాస్తాగారి పాఠం ఆమెకు నాకంటె బాగా వచ్చు. నెలంతటి పెన్షన్ ఆ ఒక్క ప్రశ్నతో నిలిచింది.

ఇక ఆఖరి వింత. మాట, పాట, వార్త మూడూ కలిసి ఒకే చోట ఉన్న వింత ఇది. 1977లో అమెరికావారు వాయేజర్ అనే పేరుతో రెండు అంతరిక్ష నౌకలను పంపారు. ఆగస్టు 20న ఒకటి, సెప్టెంబరు 5న ఇంకొకటి. గురుడు, శని గ్రహాలను చూసుకుని, సూర్యుడి పరిధి దాటి, అట్లా పోతూనే ఉంటాయి. ఎప్పుడో, ఎక్కడో, ఎవరికైనా దొరికితే మనుషులంటే ఎవరో తెలియాలని ఒక్కొక్క దానిలో ఒక గ్రామఫోను రికార్డు పెట్టారు. రాగి రేకు మీద బంగారు పూత. దాన్ని ఎట్లా వాయించాలో పైన బొమ్మలు గీసి పంపారు.

అందులో ప్రపంచంలోని 55 భాషల్లో పలకరింపులున్నాయి. ఆ 55లో మన తెలుగు ఉంది! నమస్తే అని, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు అని ఒక మనిషి గొంతు చెపుతుంది. అందులో 27 సంగీత భాగాలున్నాయి. జర్మనీ దేశపు బాక్, బీథోవెన్ ఉన్నారు. వారి పక్కన మన దేశం నుండి కేసర్‌బాయి కేర్కర్ గారు భైరవి రాగంలో పాడిన పాట ఉంది. ఆమె గోవాలో పుట్టిన గొప్ప హిందూస్థానీ గాయని. రెండవ నౌక బయలుదేరిన పదకొండు రోజులకు, 1977 సెప్టెంబరు 16న ఆమె కన్నుమూశారు. శరీరం ఇక్కడ ఆగింది, గొంతు ప్రయాణమై పోయింది.

ఒక వాయేజర్ 2012లో, ఇంకొకటి 2018లో సూర్యుడి గాలి తాకని చోటికి చేరుకున్నాయి. ముందున్నది 2400 కోట్ల కిలోమీటర్లు దాటిపోయింది. వెలుతురు వేగంతో పోయే రేడియో సంకేతం అక్కడికి చేరాలంటే 22 గంటలకు పైగా పడుతుంది. 2023 నవంబరులో ఆ నౌక అర్థంలేని అంకెలు పంపడం మొదలుపెట్టింది. ముసలిదైపోయింది, ఇక పని అయిపోయిందనుకున్నారు. ఇంజనీర్లు యాభై ఏళ్ల నాటి పాత కాగితాలు తిరగేసి, చెడిన భాగం ఎక్కడుందో కనిపెట్టి, ఆ పని వేరే చోటికి మార్చి, 2024 ఏప్రిల్‌లో మళ్లీ మాట్లాడించారు. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు అది మళ్లీ కబురు పంపింది. మనం ఏడాదికొకసారి బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వడానికి విసుక్కుంటాము. ఆ మహాతల్లి అంత దూరం నుండి తన సజీవ ధ్రువపత్రం తనే పంపుకుంటోంది. దాన్ని బతికించింది కూడా భద్రంగా దాచిన పాత ఫైలే.

మన ఇంటి రికార్డు

మన ఉదయగిరి సంగతికి వస్తాను. ఈ కొండ మీది దుర్గాన్ని 1514లో గజపతుల నుండి శ్రీకృష్ణదేవరాయలు గెలిచారు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించి ప్రతిష్ఠించారు. ఆ విగ్రహం తరువాత మద్రాసు మ్యూజియానికి చేరింది. హంపీలో ఇప్పుడు చూసేవారికి గుడి ఉంది, లోపల ఆ మూర్తి లేదు. అది ఉదయగిరి బాలకృష్ణుడని మనకు ఎట్లా తెలిసింది? ఆ గుడి దగ్గర 1515 నాటి రాతి శాసనం ఉంది కనుక. ఎవరు తెచ్చారు, ఎక్కడి నుండి తెచ్చారు, ఏ నాడు నిలిపారు, మూడు గడులూ రాతి మీద నింపి పెట్టారు. విగ్రహం ఎన్ని ఊళ్లు మారినా ఊరి పేరు పోలేదు.

రాజులకు శాసనాలున్నాయి. మనకు? మా అమ్మ తిరగలి విసురుతూ ఒక పాట పాడేది. పొద్దు పొడవక ముందే సజ్జలు విసురుతూ ఎత్తుకుంటే, పిండి అయిపోయేదాకా పాట అయిపోయేది కాదు. ఆమె 1984లో పోయింది. ఆ రోజుల్లో మా ఇంట్లో టేప్‌రికార్డరు లేదు. ఇప్పుడు నాకు పల్లవి, ఒక చరణం వచ్చు. తక్కినది మా ఊళ్లో ఎవరిని అడిగినా రాదు. తెలిసినవారు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కేసర్‌బాయిగారి గొంతు సూర్యుణ్ణి దాటి పోయింది. మా అమ్మ గొంతు మా వీధి మలుపు దాకా కూడా లేదు.

ఇక్కడ కూర్చున్న తల్లుల్లో ఎంతమందికి లాలిపాటలు, గొబ్బిపాటలు, కలుపు పాటలు, పెండ్లిలో బంతుల పాటలు వచ్చు? చెక్కభజన ఆడినవారు, పీర్ల పండుగలో పాడినవారు, ఏ.ఎస్. పేట ఉరుసులో ఖవ్వాలీలు విని నేర్చుకున్నవారు మనలో లేరా? ఉదయగిరి కొయ్య గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ గరిటె చెక్కేటప్పుడు చేతివృత్తివారు వాడే మాటలు, ఏ కొమ్మ ఏ పనికి వస్తుందో చెప్పే మాటలు రాసిపెట్టిందెవరు?

ఆఫీసులో ఫైలు ముగించేటప్పుడు మనం ఒక ముద్ర వేసేవాళ్లం. ఎల్.డిస్. అంటే ఏడాది తరువాత చింపేయవచ్చు. డి.డిస్. అంటే పదేళ్లు ఉంచాలి. ఆర్.డిస్. అంటే ఎప్పటికీ ఉంచాలి. సెల్‌ఫోనులో వచ్చే బొమ్మ సూక్తులు ఎల్.డిస్. కూడా కావు, సాయంత్రానికి చెరిపేయదగినవి. మన ఇళ్లలోని మాటలు, పాటలు ఆర్.డిస్. కావలసినవి. మనం ఇన్నాళ్లూ తారుమారు ముద్రలు వేస్తున్నామేమో ఆలోచించండి.

అందుకని నా విన్నపాలు మూడే. ఒకటి, ఫోనులో వచ్చిన ఏ మాటనైనా, ఏ వార్తనైనా ఇంకొకరికి పంపే ముందు మన మూడు ప్రశ్నలు అడగండి. జవాబు లేకపోతే అక్కడే ఆపండి. రెండు, ప్రతి ఇంటిలో ఒక నోటు పుస్తకం పెట్టండి. మీ తాతగారు అన్న మాట, మీ అత్తగారు చెప్పే సామెత, మీరు సర్వీసులో చూసిన వింత, ఏదైనా సరే రాయండి. పక్కన పేరు, సంవత్సరం, ఊరు వేయండి. చేతివ్రాత బాగుండలేదని మానవద్దు. ఆర్డరు మీద కలెక్టరుగారి సంతకం మనకు ఏనాడైనా అర్థమైందా? అయినా చెల్లలేదా? మూడు, మనుమలూ మనుమరాళ్లూ, ఇది మీ పని. మీ ఫోనులో మీ అవ్వ పాటను ఎక్కించండి. మొదట ఆమె పేరు, ఊరు, ఆ రోజు తేదీ ఆమె నోటితోనే చెప్పించండి. తరువాత పాడించండి. “నాకేం వచ్చులే బిడ్డా” అంటుంది. ఊరుకోవద్దు. ఇంకొకసారి అడగండి. తప్పక పాడుతుంది.

ఆ రాతలు, పాటలు ఒక ప్రతి మన సంఘం ఆఫీసుకు ఇస్తే, అన్నిటికీ వరుస నెంబర్లు వేసి రిజిస్టరు కట్టే పని నేను చేస్తాను. ఆ పని నాకు వచ్చు. జీతమేమీ అడగను, డి.ఎ. అసలే అడగను.

కార్యదర్శిగారు చేతి గడియారం చూస్తున్నారు. రేపు పొద్దున నుండే నోటు పుస్తకాలు తీసుకురావచ్చు. పదిగంటల నుండి ఒంటిగంట దాకా సంఘం ఆఫీసులో ఉంటాను.